గంట మోగాక

సెలూన్ నడిపే ఆయనకి నలభై దాటాక బాక్సింగ్ పిచ్చి పట్టింది. డాక్టరు ఒళ్ళు తగ్గించమన్నాడు, సెలూన్‌కి ఎదురుగా ఉన్న పాత టైర్ల గోడౌన్‌లో అప్పుడే బాక్సింగ్ నేర్పడం మొదలుపెట్టారు, ఇంకేం కావాలి. నేర్పే ఆవిడ ఒకప్పుడు పోటీల్లో ఆడి, మోకాలు పాడై మానేసిన మనిషి. పెద్దా చిన్నా అందరూ ఆవిడని కోచమ్మ అనే పిలిచేవారు.

వేలాడదీసిన ఇసుక సంచి మీద ఆయన గుద్దు పడితే గోడౌన్ దద్దరిల్లేది. పక్కన తాడాట ఆడేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. ఆ చూపులు తలకెక్కాయి. గడ్డాలు గీస్తూ, కదలడానికి వీల్లేని కస్టమర్లకి తన గుద్దుల గురించి చెప్పేవాడు. గొంతు మీద కత్తి ఉన్నంతసేపూ ఎవరూ కాదనేవారు కాదు. చెప్పీ చెప్పీ, అది చాలదన్నట్టు ఇంట్లో బామ్మర్దిని కూడా గోడౌన్‌కి లాక్కొచ్చాడు.

బామ్మర్ది పార్సిళ్ళు పంచే ఉద్యోగం చేస్తూ అక్కాబావల దగ్గరే ఉంటున్నాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట.

"ఎవడైనా గొంతు పెంచితే పార్సిలు గుమ్మంలో పడేసి వచ్చేస్తావు. నాతో రా, నీకు ధైర్యం నేను నేర్పుతా," అన్నాడు బావ.

కొన్నాళ్ళకి కోచమ్మ ఇద్దరినీ స్పారింగ్‌కి దింపింది. స్పారింగంటే పోటీ కాదు. ఎదురెదురుగా నిలబడి, సగం బలంతో, నేర్చుకోవడానికి కొట్టుకోవడం. తాళ్ళు కట్టిన బరిలోకి వాళ్ళని ఎక్కిస్తూ ఆవిడ ఒక్కటే చెప్పింది: "గంట మోగిందా, అయిపోయినట్టే. మోగాక చెయ్యి లేవకూడదు."

ఆ సాయంత్రం సెలూన్‌కొచ్చే మాస్టారు కూడా, రోజూ వింటున్న గుద్దులు ఒకసారి కళ్ళారా చూద్దామని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

ఇసుక సంచి ఎన్నడూ తిరిగి కొట్టలేదు. ఆ సంగతి సెలూనాయనకి మొదటి దెబ్బతో తెలిసొచ్చింది. దెబ్బంటే దెబ్బ కూడా కాదు. ఇంటి ముందు కాలింగ్ బెల్ నొక్కినంత తేలిగ్గా బామ్మర్ది గ్లవ్ వచ్చి నుదుటికి తగిలింది. అంతే, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, ఊపిరి బిగుసుకుంది, మొహం పక్కకి తిరిగిపోయింది.

"కళ్ళు తెరవండి. ఊపిరి వదలండి," అంది కోచమ్మ కింద నుంచి.

తెరిచేసరికి ఇంకోటి వచ్చింది. బామ్మర్ది ఒక అడుగు ముందుకి వేసి తాకేవాడు, ఒక అడుగు వెనక్కి వేసి ఊపిరి పీల్చుకునేవాడు, మళ్ళీ ముందుకి. రోజంతా పార్సిళ్ళతో మెట్లెక్కి దిగే మనిషి కాళ్ళకి అబ్బిన లయ అది. బావ చేతులు గాలిని కొట్టాయి. ఒక గుద్దుకి తనే తూలి తాళ్ళమీద పడ్డాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు నవ్వలేదు, చూడలేనట్టు తల దించుకున్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

గంట మోగింది. బామ్మర్ది చేతులు దించేశాడు. నోట్లోని పళ్ళ కవచం తీసి, నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "బావా, మొదటిసారికి బాగానే..." అంటుండగా సెలూనాయన కొట్టాడు. సంచిని కొట్టినట్టు, పూర్తి బలంతో.

బామ్మర్ది మోకాళ్ళమీద కూలబడ్డాడు. ముక్కులోంచి రక్తం చొక్కామీదికి కారింది. 

"గంట వినపడలేదా?" అంది కోచమ్మ.

సెలూనాయన తన గ్లవ్ కేసి చూసుకున్నాడు. రక్తం తుడుచుకుంటూ బామ్మర్దే అన్నాడు: "వినపడి ఉండదు కోచమ్మా."

"లేదు. వినపడలేదు," అన్నాడు సెలూనాయన. ఆ మాట అంటుంటే చెవులు కాలిపోయాయి.

ఇంటికి వెళ్ళాక భార్య తమ్ముడి మొహం చూసి కంగారుపడింది. పార్సిల్ వ్యాన్ తలుపు తగిలిందన్నాడు తమ్ముడు. ఆవిడ గుడ్డలో మంచుముక్కలు చుట్టి ముక్కు మీద పెడుతూ భర్తతో అంది: "చూసుకుని పని చెయ్యమని మీరైనా చెప్పండి వీడికి. నా మాట చెవిన పెట్టడు. మీరంటే వాడికి గురి."

సెలూనాయన కంచం ముందు కూర్చున్నాడు. బామ్మర్ది నోటితో ఊపిరి పీలుస్తూ అన్నం తింటున్నాడు. ఆ చప్పుడు వింటూ కూర్చోవడం చేతకాక, ఆకలి లేదని లేచిపోయాడు.

మర్నాడు సెలూన్ తాళాలు తీసుకుంటూ భార్యతో చెప్పేశాడు. "వ్యాన్ తలుపు కాదు. నేనే కొట్టాను. గంట మోగింది, చూసుకోలేదు. పొరపాటు."

ఆవిడ మడతపెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని నిలబడింది. "పొరపాటే అయితే వాడు అబద్ధం ఎందుకాడాడు?"

ఆయన తాళాలు జేబులో వేసుకుని వచ్చేశాడు. ఆ రోజు మాస్టారు గడ్డానికి వస్తాడేమోనని గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాడు. మాస్టారు రాలేదు. ఎదుటి వీధిలో ఉన్న ఇంకో సెలూన్‌కి వెళ్తున్నట్టు తర్వాత తెలిసింది.

గోడౌన్ వైపు మొహం చెల్లక కొన్నాళ్ళు వెళ్ళలేదు. సెలూన్ తలుపు తీస్తే ఎదురుగా అదే. చివరికి వెళ్ళి కోచమ్మ ముందు నిలబడ్డాడు.

"చెవులు బాగయ్యాయా?" అంది ఆవిడ. ఆయన తల వంచుకున్నాడు. "బాగయ్యేదాకా చేతులు వాడొద్దు. మొహానికి అడ్డం పెట్టుకుని బరిలో నిలబడండి. వాళ్ళు మెల్లగా కొడతారు, మీరు కొట్టరు."

నిలబడ్డాడు. తన వయసులో సగం కూడా లేనివాళ్ళు వంతులవారీగా వచ్చి కొట్టి వెళ్ళారు. కోచమ్మ కర్రతో నేలమీద తాళం వేసేది, ఒక్కో టక్కుకీ ఊపిరి వదలమనేది. మొదట్లో ప్రతి దెబ్బకీ కళ్ళు మూతపడేవి. రోజూ అదే పని. పోనుపోను పాదాలు వాటంతట అవే కదలసాగాయి. ఒక సాయంత్రం ఎవరిదో గ్లవ్ చెంప పక్కనుంచి పోతుంటే దాని మీది కుట్లు కూడా కనిపించాయి. కళ్ళు తెరిచే ఉన్నాయన్నమాట. ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆ సంతోషానికే సిగ్గుపడ్డాడు.

మళ్ళీ స్పారింగ్ చెయ్యొచ్చని కోచమ్మ అన్నప్పుడు బామ్మర్దినే అడిగాడు. "సరే బావా," అన్నాడు వాడు.

ఈసారి సెలూనాయన బాగా ఆడాడు. వచ్చే గుద్దుని తలొంచి తప్పించాడు, లోపలికి అడుగేసి మెత్తగా తాకి బయటికొచ్చాడు. భుజాల్లో బిగువు లేదు, ఊపిరి తప్పలేదు. కానీ తన కుడిభుజం కదిలినప్పుడల్లా ఎదుటివాడి కళ్ళు గట్టిగా మూసుకుపోతున్నాయి. మొహం పక్కకి తిరిగిపోతోంది. ఇదివరకు వాడికి ఆ అలవాటు లేదు.

గంట మోగింది. సెలూనాయన చేతులు దించాడు. బామ్మర్ది దించలేదు. గ్లవ్స్ మొహానికి అడ్డం పెట్టుకుని, వెనక్కి నడిచి, మూలనున్న తాళ్ళకి ఆనుకున్నాడు.

కింద ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి తల కొట్టేసినట్టయింది.

ఇద్దరూ కలిసి ఇంటిదారి పట్టారు. "బాగా నేర్చుకున్నావు బావా," అన్నాడు బామ్మర్ది.

"ఆ రోజు గంట నాకు వినపడింది రా."

"తెలుసు."

"మరి వినపడి ఉండదని ఎందుకన్నావు?"

"నువ్వే ఒప్పుకుంటావేమోనని చూశాను," అన్నాడు బామ్మర్ది. కోపంగా అనలేదు. ఎదురొచ్చిన సైకిలుకి దారిచ్చి పక్కకి తప్పుకుంటూ, మామూలుగా అన్నాడు.

ఆయన ఆ పూటే భార్యకి ఉన్నదున్నట్టు చెప్పాడు. మర్నాడు గోడౌన్‌లో, అందరూ ఉండగా, కోచమ్మకి చెప్పాడు. ఆవిడ సరేనని తల ఊపి పక్కకి తిరిగి తన పనిలో పడింది. ఆ తర్వాత రోజూ బామ్మర్ది ముందు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. వాడు కొట్టాలి, తను కొట్టకూడదు. వాడి అడుగులో పాత లయ కుదురుకోవడానికి ఆయన అనుకున్నదానికన్నా ఎక్కువ కాలమే పట్టింది. మెల్లగా కళ్ళు తెరుచుకున్నాయి. గంట మోగాక వాడు చేతులు దించడం కూడా మొదలైంది. కాకపోతే దించేముందు ఒక్కసారి బావ చేతులకేసి చూసేవాడు. ఆ చూపుకి మాత్రం సెలూనాయన ఎప్పటికీ అలవాటుపడలేదు.