బోణీ కాని పూట

తెల్లారేసరికి ముసురు పట్టి ఉంది. మబ్బు జగ్గయ్యపేట మీదికి దిగి కదలకుండా కూచుంది. అది చూడగానే ఇవాళ కొట్లో బోణీ ఆలస్యమవుతుందని తెలిసిపోయింది. లోపల మా ఏడేళ్ళ పిల్ల బేబి రెండు దుప్పట్ల కింద వణుకుతోంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

వీధివైపు మా కిరాణా కొట్టు, వెనక ఇల్లు. పప్పులూ బెల్లంతో పాటు చలిజ్వరం బిళ్ళలు కూడా అమ్ముతాం. బెజవాడ నుంచి డబ్బా వస్తే నాలుగేసి బిళ్ళలు పొట్లం కట్టేది నేనే. కట్టినవన్నీ అత్తయ్య లెక్కచూసి కొట్లోకి పంపుతుంది. పెరటి గుమ్మం దగ్గరికొచ్చే ఆడవాళ్ళకి ఎలా వేసుకోవాలో చెప్పేదీ నేనే. "గంజైనా తాగాక వేసుకో. జ్వరం తగ్గిందని మానేస్తే పెట్టిన డబ్బు దండగ." పెనుగంచిప్రోలు రత్తమ్మ నవ్వుతూ అంటుంది, "మూడణాలతో గట్టెక్కామమ్మగారూ. నందిగామ డాక్టరు దగ్గరికైతే బండి కట్టాలా, రెండ్రోజుల కూలి పోవాలా." నిజమే. అయితే ఆ చవకంతా బిళ్ళ వేళకి నోట్లో పడితేనే.

మా ఇంట్లో బోణీ కాకుండా కొట్లోంచి గుప్పెడు ఉప్పయినా ఊరికే లోపలికి రాదు. మామగారి నాటి కట్టు. నిరుడు, తెల్లవాళ్ళు పోయిన ఏడు, ఇలాంటి ముసురే. మా రెండేళ్ళ పిల్లాడికి ఇదే జ్వరం. "బోణీ కాగానే ఇస్తాగా" అన్నారు మా ఆయన. మధ్యాహ్నం దాటాక అయింది బోణీ. పిల్లాడు అందాకా ఆగలేదు.

ఇవాళా ఓ పొట్లం ఇమ్మని అడిగాను.

"కాస్త ఆగు తాయారూ" అన్నారు త్రాసు తుడుస్తూ.

అత్తయ్య చింతపండులో గింజలు తీస్తోంది. "పిల్లలన్నాక జ్వరాలు రావా? లోకంలో నువ్వొక్కదానివే కన్నావా?" అంది.

మా అమ్మ చందర్లపాడు నుంచి వచ్చినప్పుడు చేతిలో పెట్టిన పావలా పోపులడబ్బాలో ఉంది. తీసుకుని పెరటి గుమ్మం దాటి, పైట తలమీదికి లాక్కుని, వానలో సందు చుట్టి కొట్టు ముందుకెళ్ళి నిలబడ్డా.

"రండమ్మా, ఏం కావాలండీ?" అన్నారు ఆయన, బస్తాలోంచి తలెత్తకుండానే. పన్నెండేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో నన్నెవరూ ఆ మాట అడగలేదు.

"చలిజ్వరం బిళ్ళలు. ఒక పొట్లం."

గొంతు విని తలెత్తారు. నన్ను చూసి, వీధి అటూ ఇటూ చూశారు. పావలా కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశారు. పొట్లమిచ్చి, అణా చిల్లర కూడా ఇచ్చారు.

లోపలికి రాగానే అత్తయ్య అందుకుంది. "వీధినపడి మొగుడి కొట్లో కొనుక్కుంటావా? నలుగురూ చూస్తే?"

"ఎవరూ చూళ్ళేదులే అమ్మా. బోణీ అయింది" అన్నారు ఆయన కొట్లోంచి.

గంజి తాగించి బిళ్ళ వేశా. మధ్యాహ్నానికి బేబికి చెమట పట్టింది. నుదురు తుడుస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. నిరుడు కూడా ఇంతే దూరమన్నమాట. పెరటి గుమ్మం నుంచి సందు చుట్టి వీధి అరుగు దాకా. వంద అడుగులుండవు. అప్పుడూ పోపులడబ్బాలో డబ్బులున్నాయి. నేను పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఎవరో వచ్చి ఏదో కొనాలని కూచున్నా.

రోజూ ఆయన తిని లేచాకే మేం తినేది. ఇవాళ మూడు ఆకులూ ఒక్కసారే వేశా. వడ్డించి నేనూ కూచున్నా. మిగిలిన మూడు బిళ్ళలు నా కొంగున ముడేసి ఉన్నాయి. ఈ ఇంట్లో నావని చెప్పుకోడానికి అవే. ఆయన మజ్జిగ కోసం నా వైపు చూశారు. నేను లేవలేదు. తనే చెయ్యి చాపి గిన్నె తీసుకున్నారు.