మూడోసారి పిలిచినందుకు

పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. లింగ్‌యూకి ప్రతిదీ మురిపెంగానే ఉంది. గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులు పక్కపక్కన కనిపిస్తే ఆగి మరీ చూస్తుంది. పళ్ళు తోముకునే బ్రష్షులు ఒకే గ్లాసులో తలలు ఆనించుకుని నిలబడితే ఫోటో తీసి, ఇంకెవరికి పంపాలో తోచక మొగుడికే పంపుతుంది. ఆ మొగుడు పక్క గదిలోనే ఉంటాడు.

అలాంటి మనిషి చేతికి దేశపటం చిక్కింది. పెళ్ళి సెలవుని అక్టోబరు సెలవులకి కలిపి, ఇద్దరూ దేశం ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగి రావాలనుకున్నారు. పటాన్ని మంచం మీద పరిచి, దాని మీదే బోర్లా పడుకుని ఆమె దారి వేసింది. తాముండే షాంతౌ సముద్రపు ఒడ్డు నుంచి బయల్దేరడం. షియాన్ కోటగోడ మీద ఇద్దరు కలిసి తొక్కే సైకిలు. దున్‌హ్వాంగ్ ఇసుక తిన్నెల మీద ఒంటెలు. తుర్పాన్ ద్రాక్ష పందిళ్ళు. చివరికి కాష్గర్ వీధిలో పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె, చెరో సగం. ఆ సగం సగం తుంచుకోవడం కోసమే అంత దూరం వెళ్తున్నట్టుంది ఆమె సంబరం.

"ఎక్కడైనా ఒక్కరోజు ఊరికే పడుకుందామా?" అన్నాడు మొగుడు హైబో.

"పడుకోవడానికి పెళ్ళి చేసుకోవాలా? ఇంట్లోనే పడుకోవచ్చుగా" అంది ఆమె. తర్వాత తన మాటకి తనే సిగ్గుపడి పటం ముఖం మీద కప్పుకుంది.

ఆదివారం భోజనానికి అత్తవారింటికి వెళ్ళారు. అత్తగారు పళ్ళెంలో ఉడికించిన బాతు మాంసం ముక్కలు సర్దుతూ, "ఎక్కడెక్కడికే మీ ప్రయాణం?" అని అడిగింది. లింగ్‌యూ ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది. ఎంత ఊరించి చెప్పిందంటే, చెప్పడం అయ్యాక అత్తగారిని ఇంట్లో వదిలి వెళ్ళడం తనకే బాగా అనిపించలేదు.

ఆమె కాలేజీలో చదివింది ప్రజాసంబంధాలు. మర్యాదల మీద ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంటే అందులో తరగతికి మొదటి మార్కులు. దానికితోడు పుట్టి పెరిగింది ఉత్తరాన షెన్‌యాంగ్‌లో. అక్కడివాళ్ళు ఎవరినైనా పిలవడం మొదలుపెడితే ఒక పట్టాన ఆపరు. ఈ రెండూ కలిశాక నోరు ఊరుకుంటుందా?

"మీరూ రండమ్మా! మీరు లేకపోతే ఏం సరదా!"

"నేనెందుకే, మీరు వెళ్ళిరండి."

"అలా అంటే కాదు. రావాల్సిందే."

"వద్దమ్మాయ్, ఈ మోకాళ్ళతో ఎక్కడికి తిరగను?"

బల్ల కింద హైబో కాలు ఆమె కాలిని తొక్కింది. ఆమె పొంగిపోయి తిరిగి తొక్కింది. ఆ ఊపులోనే, "మీరు రానంటే నేనూ వెళ్ళను!" అనేసింది.

అత్తగారు చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. "ఇంతగా పిలుస్తుంటే రాకపోతే ఏం బాగుంటుంది? సరే, వస్తాను."

మామగారు మాత్రం, "నన్నెవరూ పిలవకండి" అని టీవీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ ఇంట్లో తెలివైనవాడు ఆయనొక్కడే.

తిరుగుదారిలో స్కూటర్ మీద హైబో అన్నాడు. "కాలు తొక్కాను కదే!"

"నేనూ తొక్కాను కదా!"

"నేను ఆపమని తొక్కాను."

"నేను ప్రేమనుకున్నాను" అని ఆమె అతని వీపుకి ముఖం ఆనించి ఏడుపుగొంతు పెట్టింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో, మొదటి మార్కుల మనిషికి అప్పుడు తెలిసింది.

హోటల్లో ఇద్దరి గది కాస్తా ముగ్గురి గది అయింది. ఇక సైకిలు సంగతి సరేసరి, దానికి ఉన్నది రెండే సీట్లు. పిలిచిన మనిషిని వద్దనడం ఎలా? మర్యాదగా భయపెడదామనుకుంది లింగ్‌యూ. "అమ్మా, అక్కడ ఇసుకగాలి కళ్ళు తెరవనివ్వదట" అని ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. అత్తగారు కళ్ళద్దాలు కొనుక్కుని, అవి పెట్టుకున్న ఫోటో పంపింది. "అమ్మా, అక్కడ ఎటు చూసినా గొర్రె మాంసమేనట, మీకు ఆ వాసన గిట్టదుగా" అంది. "నామీద ఎంత బెంగే నీకు!" అని అత్తగారు మురిసిపోయింది. ఎంత తొయ్యాలని చూస్తే అంత అతుక్కుంటోంది.

ఒక మధ్యాహ్నం కాయగూరలు ఇవ్వడానికి వెళ్ళేసరికి వంటింట్లో అత్తగారు ఒంటరిగా కూర్చుని ఉంది. ఎదురుగా గిన్నెలో గొర్రె మాంసం పులుసు. ఒక చేత్తో కమలాపండు తొక్క ముక్కు దగ్గర పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ముక్క మింగుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏంటమ్మా ఇది?"

"అలవాటు చేసుకుంటున్నానే. అక్కడికొచ్చాక నిన్ను ఇబ్బంది పెట్టకూడదుగా."

లింగ్‌యూ చేతిలో కాయగూరల సంచి జారి, వంకాయలు బల్ల కిందకి దొర్లిపోయాయి. ఇక మొహమాటం పనికిరాదనిపించింది.

"అమ్మా, నామీద ఒట్టు, నిజం చెప్పండి. మీకు అసలు రావాలని ఉందా?"

అత్తగారు పులుసు వంక చూసింది. "నువ్వు మూడుసార్లు పిలిచావు కదే."

"పిలిచాను. మా ఊళ్ళో మూడుసార్లు పిలవాలమ్మా! లేకపోతే పిసినారి అంటారు. పిలిస్తే మాత్రం ఎవరూ రారు!"

"రారా?"

"చస్తే రారు. చొక్కా చేతులు చిరిగేదాకా లాగినా రారు. అది తెలిసే లాగుతాం!"

అత్తగారు తొక్కని బల్ల మీద పడేసింది. "మా అమ్మ నాకు వేరేలా నేర్పిందే తల్లీ. రెండుసార్లు వద్దనాలి, మూడోసారీ పిలిచారంటే అది మనసులోంచి వచ్చిన పిలుపు, కాదంటే వాళ్ళ ముఖాన కొట్టినట్టు అంది. కోడలి పరువు నిలబెడదామని వారం నుంచీ నేనీ గొర్రెని మింగుతున్నాను!"

ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముందు నవ్వింది అత్తగారే. తర్వాత ఇద్దరూ బల్ల మీద తలలు పెట్టుకుని నవ్వారు. కోడలి నవ్వు మధ్యలో ఏడుపై, మళ్ళీ నవ్వైంది.

"పిచ్చిదానా, మా పెద్దవాళ్ళు ఏమంటారో తెలుసా? టీకి ముగ్గురు, సారాకి నలుగురు, షికారుకి ఇద్దరు. కొత్త జంట వెనకాల మూడో మనిషి నడిస్తే ఒంటె కూడా నవ్వుతుంది. నాకు కావాల్సింది ఆ టీ ఒక్కటే. మీరు తిరిగొచ్చాక ముగ్గురం తాగుదాం, అన్నీ చెబుదువుగాని. ఇద్దరూ హాయిగా వెళ్ళిరండి."

ఆ మాట ఎంత ప్రేమగా అందంటే, లింగ్‌యూ గుండె నిండిపోయింది. గుండె నిండితే ఆమెకి పొంగేది నోరే.

"అదేంటమ్మా, మీరు లేకుండా మేమెలా వెళ్తాం..."

అత్తగారు చెయ్యి పైకెత్తి, ఒక వేలు చూపించింది.

"ఒకటి" అంది.

లింగ్‌యూ రెండు చేతులతో నోరు మూసుకుంది.