చెక్క మీద టైల్స్

అమ్మకి ఎడమ పాదంలో స్పర్శ పోయింది. పక్షవాతం మిగతా ఒంటిని ఎలాగోలా వదిలిపెట్టింది గానీ, ఆ ఒక్క పాదాన్ని మాత్రం పట్టుకుని కూర్చుంది. గిల్లినా తెలియదు, వేడినీళ్ళు పోసినా తెలియదు. అలాంటి మనిషి కోసం కూతురు వరండాకి అద్దాల కిటికీలు పెట్టించి గది చేసింది. వెలుతురుకి వెలుతురు, గాలికి గాలి. నేల మాత్రం పాత చెక్కలదే. తొలిరోజే అమ్మ కాలివేలు రెండు చెక్కల మధ్య సందులో ఇరుక్కుని గోరు ఊడింది. కూతురు నెత్తురు చూసి చెబితే గానీ అమ్మకి ఆ సంగతే తెలియలేదు. ఇక కుర్చీ దిగేది లేదని మొండికేసింది. ఇలాగే కూర్చోబెడితే ఎప్పటికీ నడవదని వ్యాయామం చేయించే ఆవిడ మొహం మీదే చెప్పి వెళ్ళింది.

"టైల్స్ వేసేద్దాం, ఒక్క సందు కూడా ఉండదు," అన్నాడు కూతురి మొగుడు.

ఆయన దర్జీ. కుట్టు కనిపించడమంటే ఆయనకి పరువు పోయినట్టే. చెక్కల మీద ప్లైవుడ్, దాని మీద సిమెంటు బోర్డు బిగించి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెంట్రుక దూరనంత బిర్రుగా టైల్స్ అతికించాడు. చూసినవాళ్ళంతా శభాష్ అన్నారు. జిగురు ఆరేలోపు ముసురు పట్టుకుంది. వదిలితే ఒట్టు.

ఒకనాడు పొద్దున్నే వరండాలో ధనేల్‌మని చప్పుడైంది. పరిగెత్తి చూస్తే గది నడుమ టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని గుడారంలా లేచి నిలబడ్డాయి. ఎవరో కింద దూరి వీపుతో ఎత్తినట్టుంది. కూతురికి కోపం రావాలి, రాలేదు.

ప్లైవుడ్ ఊడబెరికి చూశారు. చెక్కలు తడి పీల్చుకుని ఉబ్బాయి. అమ్మ గోరు ఊడగొట్టిన సందులో ఇప్పుడు గుండుసూది కూడా దిగడం లేదు. లోపల సందు చాలక, చెక్కలు పైనున్న బరువునంతా గోడలకేసి తోసేశాయి. గోడల దగ్గర జరిగే చోటు లేక టైల్స్ నడుమ పైకి లేచాయి.

"ఎప్పుడో కొట్టేసిన చెట్టు," అంది అమ్మ కుర్చీలోంచి మెడ చాచి. "ఇంకా ఇంత బలమా దానికి."

"మీ కుట్టు పిగిలిందండీ," అంది కూతురు.

దర్జీ నవ్వలేదు. గొంతుకూర్చుని చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. "జాకెట్టు కుట్టేటప్పుడు ఊపిరికి వదులు ఉంచుతాను. దీనికీ ఊపిరి ఉంటుందని నాకు తట్టనేలేదు," అన్నాడు మెల్లగా.

వాన వెలిసి చెక్కలు బాగా ఆరేదాకా ఆగారు. ఈసారి చెక్కల తేమ పైకి రాకుండా ప్లాస్టిక్ పట్టా పరిచి, మళ్ళీ బోర్డులు బిగించారు. కూతురు పళ్ళున్న తాపీతో జిగురు పరిచింది, ఆయన టైల్స్ పేర్చాడు. నాలుగు గోడల వెంబడీ వేలెడు వదులు వదిలి, రబ్బరులాంటి మెత్తటి సీలెంట్ నింపి, కనపడకుండా అంచుపట్టీ కొట్టాడు. ఎంతైనా దర్జీ కదా.

"మళ్ళీ లేస్తేనో," అంది అమ్మ. గడప దగ్గరికి కూడా రానంది. కూతురు బతిమాలింది, అలిగింది, చివరికి ఏడ్చింది కూడా. అమ్మ కదిలితేనా. మళ్ళీ ముసురు పట్టింది. అమ్మ రోజంతా కుర్చీలోంచి ఆ నేలనే చూస్తూ కూర్చుంది. నేల ఉలకలేదు, పలకలేదు. వాన తగ్గాక అమ్మే అడిగింది. "ఏదీ, పట్టుకోండి."

చెరో వైపూ పట్టుకున్నారు. నడక స్టాండు ముందుకి జరిపి, వ్యాయామం ఆవిడ నేర్పినట్టు ముందుగా బలం లేని కాలు గడప దాటించింది. అక్కడే ఆగిపోయింది.

"చల్లగా ఉంది," అంది అమ్మ.

"టైల్స్ కదమ్మా, చల్లగానే ఉంటాయి. చెప్పులు తేనా?"

దర్జీ మెల్లగా భార్య భుజం తట్టి కిందికి చూపించాడు. అమ్మ కుడికాలు ఇంకా గడప ఇవతల గోనెపట్టా మీదే ఉంది. టైలు మీద ఉన్నది ఎడమ పాదం ఒక్కటే. కూతురు అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది.

"చెప్పులొద్దు," అంది అమ్మ. "కాసేపు ఇలాగే ఉండనీ."