పొడుగు స్క్రూ

నాలుగో స్క్రూను పట్టకారు మొనతో ఎత్తి, కాగితం మీద దాని చోట దాన్ని పెట్టాక గాని నిదానం ఊపిరి వదల్లేదు. కాగితం మీద పెన్సిలుతో ఫోను బొమ్మ గీసి ఉంది. ఏ స్క్రూ ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడో సున్నా, సున్నా మీద రెండువైపులా అంటుకునే టేపు ముక్క, టేపు మీద స్క్రూ. ఒక్కొక్కటి నువ్వుగింజలో సగం కూడా ఉండదు. తుమ్మితే నాలుగూ నాలుగు దిక్కులకు పోతాయి కాబట్టి తుమ్ము వస్తే అతను లేచి వరండాలోకి వెళ్ళి, తుమ్మి, వచ్చి మళ్ళీ కూర్చుంటాడు.

అతని అసలు పేరు కొట్లో ఎవరికీ గుర్తు లేదు. ఓనరు కూడా "నిదానం, ఓసారి ఇలా రా" అనే పిలుస్తాడు. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ పేరు తగిలించింది ఎదుటి బెంచీవాడు. ఆ ఎదుటి బెంచీవాడికి చిటికె అని పేరు పెట్టింది మాత్రం కొట్టుకొచ్చే జనం. ఏది పట్టుకొచ్చినా "చిటికెలో ఇచ్చేస్తానండీ" అంటాడు. అన్నట్టే ఇచ్చేస్తాడు కూడా, అదీ నిదానానికి మింగుడుపడని సంగతి.

మొదటి అంతస్తులో పొడుగాటి గది. మెట్లెక్కి రాగానే ఓనరు కౌంటరు, దాని వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు, మధ్యలో చెత్తబుట్ట. చిటికె బెంచీ దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటారు. వాళ్ళ ఇళ్ళ సంగతులన్నీ అతనికి తెలుసు. ఎవరి అత్తగారికి మోకాలి నొప్పో, ఎవరి పిల్లాడు లెక్కల్లో తప్పాడో అడుగుతూనే ఫోను విప్పేస్తాడు. విప్పిన స్క్రూలన్నీ గలగలా ఒక సీసా మూతలో పోస్తాడు. ఏది ఎక్కడిదో మళ్ళీ చూసుకోడు. వేళ్ళకే తెలుసు.

నిదానం వేళ్ళకు తెలియదు. పనిలో చేరిన కొత్తలో ఒకసారి పొడుగు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగించాడు. రెండింటికీ తేడా గోరు అంచంతే. కాని ఆ పొడుగుది అడుగున ఉన్న బోర్డులోకి దిగిపోయి, వెంట్రుకకంటే సన్నటి రాగి దారుల్ని కోసేసింది, ఫోను అక్కడికక్కడే చచ్చింది. ఆ రోజు పడ్డ చీవాట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. అప్పట్నుంచీ ప్రతి ఫోనుకీ ఒక కాగితం గీసుకుంటాడు, పని కాగానే మడిచి చెత్తబుట్టలో వేస్తాడు. అలా పంతొమ్మిదేళ్ళు. చెడగొట్టింది మళ్ళీ ఒక్కటీ లేదు. మెచ్చుకున్నవాడూ ఒక్కడూ లేడు.

అతనికి చిటికె అంటే అసూయ. వేరే పేరు పెట్టి లాభం లేదు, అది అసూయే. ఆ నవ్వు మీద అసూయ, జుట్టు నెరవకపోవడం మీద అసూయ, మనుషులు వాడి చుట్టూ మూగడం మీద అసూయ. ఇంట్లో భార్య కూడా "ఆయనలా నాలుగు మాటలు కలిపితే మీ సొమ్మేం పోయింది?" అని నెలకోసారైనా అంటుంది. అన్న రోజు అతనికి అన్నం సయించదు.

పదకొండు గంటలకు కూతురు మెట్లెక్కి వచ్చింది. ఆసుపత్రి ల్యాబులో కొత్తగా చేరింది, తొలి జీతంతో కొనుక్కున్న ఫోను చేతిలో ఉంది. కొని తొమ్మిది రోజులు. నిదానం ఆమెను చూసి సోల్డరింగు ఐరన్ పక్కన పెట్టాడు, కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు. ఆమె "నాన్నా" అని ఒక నవ్వు నవ్వి, అతని బెంచీ దాటుకుని అవతలి బెంచీకి వెళ్ళింది.

"బాబాయ్, దీన్ని కాస్త చూడవా? మాట్లాడుతుంటే తెర ఆరిపోతోంది. ఇంకోసారి దానంతటదే ఏవేవో అక్షరాలు కొట్టేసుకుంటోంది. నిన్న మా పెద్ద డాక్టరుగారికి వరసగా పదకొండు 'హ'లు పంపించింది."

"ఆయనేమన్నాడు?"

"ఎందుకు నవ్వుతున్నావమ్మా అన్నారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చిటికె అందరికంటే గట్టిగా నవ్వాడు.

"కంపెనీ వాళ్ళకివ్వకపోయావా? వారంటీ ఉంటుందిగా."

"మూడు వారాలు పడుతుందన్నారు. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ, పిలుపులన్నీ దీనికే వస్తాయి."

"మరి మీ నాన్నకివ్వకపోయావా?"

"నాన్నకిస్తే కంపెనీయే నయం బాబాయ్" అంది ఆమె, నవ్వుతూనే. అందులో విషం లేదు. ఆ సంగతి నిదానానికీ తెలుసు. అయినా మొహం మాడిపోయింది. మైక్రోస్కోపుకు కళ్ళు ఆనించి, కింద ఏమీ లేకపోయినా చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

ఆమె చిన్నప్పుడు బడి వదలగానే ఇక్కడికే వచ్చేది. చిటికె పాత ఫోనులోని దీపం పీకి, అగ్గిపెట్టెలో పెట్టి, పది నిమిషాల్లో ఆమెకో టార్చిలైటు చేసిచ్చాడు. నిదానం కూతురి కోసం బుల్లి రేడియో మొదలుపెట్టాడు. ప్రతి తీగా తిన్నగా వంచి, ప్రతి అతుకూ రెండుసార్లు చూసుకుని, ఎనిమిది నెలలకు పూర్తి చేశాడు. అప్పటికి పిల్లకు రేడియో మీద మోజు పోయింది. అది ఇప్పటికీ ఇంట్లో అటక మీద ఉంది, ఇప్పటికీ పాడుతుంది. అగ్గిపెట్టె దీపం నాలుగు రోజులే వెలిగింది, కాని పిల్ల చెప్పుకునేది దాని గురించే.

చిటికె ఫోను విప్పాడు. మధ్యాహ్నం దాకా దాంతోనే కుస్తీ పట్టాడు. తెర తీగ మార్చి చూశాడు, వేడిచేసి చూశాడు, మాటిమాటికీ కళ్ళు నులుముకున్నాడు. నిదానం ఓరకంట అంతా చూస్తున్నాడు. ఎదుటివాడికి పని సాగకపోతుంటే కడుపులో చల్లగా ఉంది. అలా ఉన్నందుకు సిగ్గేసింది, సిగ్గేసినా చల్లదనం పోలేదు.

"టీ తాగొస్తానన్నా" అని చిటికె లేచాడు. గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగాడు. ఓనరు తలుపు దగ్గర ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గదిలో ఇంకెవరూ లేరు.

నిదానం లేచి వెళ్ళి చిటికె కుర్చీలో కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. సగం తెరిచి ఉన్న సొరుగు పొట్టకు అడ్డం తగిలితే, పొట్టతోనే లోపలికి నెట్టేశాడు. లోపల ఏదో సన్నగా దొర్లిన చప్పుడైంది. పట్టించుకోలేదు. బల్ల మీద సీసా మూతలో స్క్రూలు ఎప్పటిలాగే ఉన్నాయి. మైక్రోస్కోపు కింద కూతురి ఫోను పొట్ట విప్పుకుని ఉంది.

నాలుగు నిమిషాలు పట్టింది. తెర తీగను బోర్డుకు కలిపే చోట, మూలన, అద్దాలు తుడిచే గుడ్డలోంచి ఊడిన పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. ఫ్యాక్టరీలోనే ఎవరి చేతి నుంచో పడి ఉంటుంది. ఫోను వేడెక్కినప్పుడల్లా ఆ పోగు ఉబ్బి, తీగను కాస్త పైకి లేపుతోంది. పట్టకారుతో తీసి, తీగ అదిమి, ఫోను వెలిగించాడు. తెర నిలకడగా వెలిగింది. వేడిగాలి పట్టాడు. చెక్కు చెదరలేదు.

అతనికి ఒళ్ళంతా పులకరించింది. మూడు గంటలు వాడికి దొరకనిది తనకు దొరికింది. మరుక్షణమే ఇంకో సంగతి తట్టింది. ఇలా వదిలేస్తే వాడొస్తాడు, ఫోను వెలుగుతుంటుంది, సాయంత్రం వాడే కూతురి చేతిలో పెడతాడు. "బాబాయ్ చిటికెలో చేశాడు" అని ఇంటికొచ్చి చెబుతుంది. భార్య తన వంక ఒక చూపు చూస్తుంది.

నిదానం పోగును పట్టకారుతో ఎత్తి, ఎక్కడ ఉన్నదో అక్కడే మళ్ళీ ఇరికించాడు. ఏ వస్తువు చోట ఆ వస్తువును పెట్టడంలో అతన్ని మించినవాడు లేడు. సాయంత్రం వాడు చేతులెత్తేస్తాడు. అప్పుడు కూతురి ఎదురుగా తను తీస్తాడు. అంతే అనుకున్నాడు. చెడగొట్టాలని మాత్రం అనుకోలేదు.

చిటికె వచ్చి ఇంకో గంట చూశాడు. చివరికి నిట్టూర్చి, "దీన్ని మూసేయడం మేలు. కంపెనీకే పంపిద్దాం" అనుకుంటూ సొరుగు తెరిచాడు. తెరిచి, అందులోకి చూస్తూ ఉండిపోయాడు. తల బాగా వంచి, మొహం దాదాపు సొరుగులో పెట్టి చూశాడు. తర్వాత తలెత్తాడు.

"అన్నా, ఈ నాలుగింటిలో పొడుగుది ఏదంటావు?"

నిదానం తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. ఇన్నేళ్ళలో చిటికె అతన్ని పని విషయం ఒక్కటీ అడిగి ఎరగడు. ఎగతాళి చేస్తున్నాడేమో అనిపించింది. పొద్దున కూతురు అన్న మాట ఇంకా మండుతూనే ఉంది.

"నీకు తెలియంది నాకేం తెలుస్తుంది?" అన్నాడు.

"అదీ నిజమేలే" అని నవ్వి, చిటికె స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

పొట్టి స్క్రూ నాలుగు చుట్లకు ఆగుతుంది. నిదానం ఈ బెంచీ నుంచి ఆ వేళ్ళనే చూస్తున్నాడు. ఎడమవైపు పై రంధ్రం, అది పొట్టిది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వేళ్ళు ఆగలేదు. ఐదు. ఒక్క మాట చాలు. "ఆగు" అంటే చాలు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. కాని పంతొమ్మిదేళ్ళుగా పడని ఒక్క తప్పు ఆ చేతిలోంచి పడబోతోంది, అది పడటం చూడాలన్న కోరిక ఆ మాటకంటే బలంగా ఉంది. ఆరు.

చిటికె మీట నొక్కాడు. ఫోను వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. కాసేపటికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, నిదానం వైపు చూడలేదు.

ఐదున్నరకు కూతురు వచ్చింది.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు చిటికె, దాచకుండా. "జబ్బు చేసిన ఫోను తెచ్చిచ్చావు, నేను దాన్ని చంపేశాను. పొడుగు స్క్రూ దిగిపోయింది."

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నువ్వు చూడవూ?"

ఆ మాట కోసమే అతను పొద్దున్నుంచీ, నిజానికి ఎన్నో ఏళ్ళుగా, కాచుకుని ఉన్నాడు. ఫోను తీసుకున్నాడు. కొత్త కాగితం గీసుకుని, నాలుగు స్క్రూలూ విప్పి పెట్టుకున్నాడు. తెగిన దారులు మూడు. వాటి పైపూత గీకి, కంటికి ఆనని రాగి తీగ తుంచి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే అతికాడు. పోగును కూడా తీసేశాడు, చూపించకుండా కిటికీలోంచి ఊదేశాడు. చిటికె అతని వెనకే నిలబడి ఉన్నాడు.

"నాకు ఆ తీగే కనబడటం లేదన్నా" అన్నాడు మెల్లగా.

ఏడున్నరకు ఫోను వెలిగింది. ఎంత వేడిచేసినా ఆరలేదు. కూతురు దాన్ని గుండెకు హత్తుకుంది.

"పొద్దున నీకే ఇవ్వాల్సింది నాన్నా. బుద్ధి తక్కువై ఇవ్వలేదు."

నిదానం తలూపాడు. ఇంత తియ్యటి మాట చెవిన పడితే ఏదో అవుతుందనుకున్నాడు. నోరు చేదుగా ఉంది, అంతే. కూతురు డ్యూటీకి పరుగెత్తుతూ, చిటికె భుజం తట్టి "పోన్లే బాబాయ్" అంది.

చిటికె కౌంటరు దగ్గరికి వెళ్ళి తన తాళంచెవి ఓనరు ముందు పెట్టాడు.

"రేపట్నుంచి రానండీ. కళ్ళు. ఆర్నెల్లుగా చూపు నడిమధ్యన పొగలాంటిది అడ్డంపడుతోంది. ఇది తిరిగొచ్చేది కాదు, పని మానేయమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. నేనే సాగదీశాను. ఇవాళ్టితో తేలిపోయింది."

ఓనరు ఏదో అనబోయాడు. చిటికె నవ్వి సంచీ భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"వస్తానన్నా. మన పిల్ల ఫోను బతికించావు, లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు."

చెప్పేయాలనుకున్నాడు నిదానం. పోగు సంగతీ, ఆరు చుట్ల సంగతీ. లేచి నిలబడ్డాడు కూడా. చేతిలోని పట్టకారును బెంచీ మీద దాని చోట పెట్టాడు. చిటికె కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టునూ కాలితో తడుముకుంటూ దిగిపోయాడు. ఆ చప్పుడు చాలాసేపటిదాకా వినిపించింది.

ఓనరు కౌంటరుకు తాళం వేసుకుంటున్నాడు. ఎదుటి బెంచీ మీద దీపం ఇంకా వెలుగుతోంది. ఆర్పడానికి వెళ్ళిన నిదానం సీసా మూతను వేలితో కదిపాడు. అందులోవన్నీ తుప్పు పట్టిన స్క్రూలే, ఎప్పుడో పోయిన మోడళ్ళవి. వాటిని ముట్టుకుని ఎన్ని నెలలైందో. అతను మెల్లగా సొరుగు లాగాడు.

సొరుగు నిండా కాగితాలు. అన్నీ అతనివే, పని కాగానే మడిచి చెత్తబుట్టలో వేసినవే. ఒక్కొక్కటీ మడత విప్పి, చేత్తో సాపు చేసి, దొంతరగా పేర్చి ఉన్నాయి. అన్నిటికంటే పైన ఉన్నది పోయిన నెల గీసింది, కూతురి ఫోను మోడలుదే. టేపు ముక్కలు దుమ్ము పట్టి, జిగురు ఎండిపోయి ఉన్నాయి. పొట్టతో సొరుగు నెట్టినప్పుడు వాటి మీంచి స్క్రూలు దొర్లిన చప్పుడు అతనికి మళ్ళీ వినిపించింది. కాగితం మీద తన సన్నటి పెన్సిలు సున్నాలు నాలుగింటినీ ఎవరో నల్ల సిరాతో లావుగా, వంకరగా దిద్దుకున్నారు, కుడి పక్క సున్నా దగ్గర బొటనవేలంత అక్షరాలతో "పొడుగు" అని రాసి ఉంది.