నెలకు మూడు గడులు

ఆ గడుల ఇల్లు గీసింది నేనే. తప్పు ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే అక్కడి నుంచే చెప్పాలి.

పన్నెండేళ్ళ అప్పు మీద ఇల్లు కొన్నాం. కాగితాలు బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. నేను పాత క్యాలెండరు వెనక ఒక ఇంటి బొమ్మ గీసి, గోడల నిండా నూట నలభై నాలుగు గడులు వేసి వంటింటి తలుపుకు అంటించాను. నెలకో కిస్తీ, కిస్తీకో గడి. కట్టిన రోజు సాయంత్రం మా ఆయన ఎర్ర పెన్సిలుతో గడి నింపేవారు. ఆ తర్వాత ఆయన, నేను, అత్తయ్య ముగ్గురం నడుచుకుంటూ వెళ్ళి ఐస్‌క్రీం తినేవాళ్ళం. అత్తయ్య ఎప్పుడూ రెండు తినేవారు. "నా వంతు అప్పు మీరు తీరుస్తున్నారుగా, మీ వంతు ఐస్‌క్రీం నేను తీరుస్తున్నా" అనేవారు.

మూడో ఏడు బ్యాంకు గుమాస్తా ఒక మాట చెప్పాడు. అదనంగా కడితే అసలు తగ్గి, అప్పు ముందే తీరిపోతుందట. అది నా తలకెక్కింది. మొదట ఐస్‌క్రీం మానేశాం. తర్వాత ఆదివారాల పడవ షికారు, ఆ తర్వాత సినిమా. డబ్బు మిగిలిన నెల పైనుంచి ఆ నెల గడి, కిందనుంచి అదనపు గడి ఒకటి నింపేవాళ్ళం.

"అమ్మాయ్, ఆ పెన్సిలు అరిగేలోపు నా కొడుకు అరిగిపోతాడే" అన్నారు అత్తయ్య ఒకరోజు.

"నేనేమన్నా సబ్బునా అమ్మా, అరగడానికి?" అన్నారాయన.

మూడు వారాల కిందట ఆయనే చెప్పారు, ఇక నుంచి నెలకు మూడు గడులని. ఓవర్‌టైము దొరికిందన్నారు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఎలా దొరికిందని అడగలేదు. భోజనం ముందు కూర్చుని ముద్ద చేతిలో పట్టుకునే కునుకు తీస్తుంటే, పాపం అలసిపోయారు అనుకున్నాను. అంతే అనుకున్నాను.

ఆయన బస్సు డ్రైవరు. నేను కర్టెన్ గుడ్డలు అమ్మే దుకాణంలో పనిచేస్తాను. గురువారం మధ్యాహ్నం ఆ దుకాణానికి నత్త వచ్చాడు. నత్త కూడా డ్రైవరే. బస్సు మరీ మెల్లగా నడుపుతాడని డిపోలో పెట్టిన పేరు. అసలు పేరుతో పిలిస్తే అతనే పలకడు.

"ఏంటన్నయ్యా, ఇవాళ మీకు రెండో షిఫ్టు కదా?" అన్నాను గుడ్డ కొలుస్తూ.

"షిఫ్టులో నా పేరుంది చెల్లెమ్మా, నేనే లేను. పేరుకి డ్యూటీ, మనిషికి సెలవు. అంతా మీ ఆయన పుణ్యం!" పగలబడి నవ్వాడు.

నేను నవ్వలేదు. అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

"నీకు తెలీదా?"

"చెప్పండి."

"నేనేదో వాగాను, వదిలెయ్."

"చెప్పకపోతే ఈ గుడ్డ కొయ్యను అన్నయ్యా."

అతను కౌంటరు మీదకి వంగి గొంతు తగ్గించాడు. ఆయన తెల్లవారుజామున నాలుగు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా తన బస్సు నడుపుతున్నారు. మళ్ళీ ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిది దాకా నత్త పేరు మీద పన్నెండో నంబరు బస్సు నడుపుతున్నారు. రెండు షిఫ్టుల మధ్య పది గంటల విశ్రాంతి ఉండాలని డిపో నియమం. అందుకే వేరే పేరు. ఆ జీతంలో నాలుగో వంతు, పేరు అరువిచ్చినందుకు నత్తకి.

"వారానికి ఎన్ని రోజులు?"

"ఐదు. ఒక్కోసారి ఆరు. సోమవారం అద్దం పగిలినప్పుడే చెప్పా, ఇక చాల్లేరా బాబూ అని."

"ఏ అద్దం?"

"బస్సు పక్కద్దం. స్తంభానికి రాసుకుపోయింది. ఒక్క క్షణం కళ్ళు మూతపడ్డాయన్నాడు. అద్దం డబ్బులు నేనే కట్టాన్లే, పైకి తెలీకుండా."

కత్తెర గుడ్డ మధ్యలోనే వదిలేశాను. యజమానికి ఒంట్లో బాగాలేదని చెప్పి రోడ్డెక్కాను. 

పన్నెండో నంబరు వచ్చింది. వెనక తలుపు నుంచి ఎక్కాను. జనం నిండుగా ఉన్నారు. ఒకరి మోచేయి, ఇంకొకరి సంచీ తప్పించుకుంటూ డ్రైవరు వెనక మూడో సీటు దాకా చేరి, ఒకరు దిగితే అందులో కూర్చున్నాను. అద్దంలో ఆయన ముఖం సగమే కనిపిస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కిటికీ మొత్తం తెరిచి ముఖం గాలికి పెట్టారు. ఉండుండి అరచేత్తో తొడ మీద కొట్టుకుంటున్నారు.

అప్పుడే అరవాల్సింది. అరవలేదు. పదిమంది వింటే డిపోకి తెలుస్తుంది, డిపోకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. మూడు కిస్తీలు తప్పితే ఇల్లు వేలం వేస్తామని బ్యాంకు కాగితం మీద రాసుంది. ఆఖరి స్టాపులో దిగాక నెమ్మదిగా మాట్లాడదాం అనుకున్నాను. ఇంకా తొమ్మిది స్టాపులున్నాయి.

ఎనిమిది. ఏడు. ఆస్పత్రి స్టాపులో ఒక ముసలాయన ఊతకర్రతో తడబడుతూ ఎక్కి, నా పక్కనున్నావిడ లేచి ఇచ్చిన సీట్లో కూర్చున్నారు. ఆయన కూర్చునేదాకా బస్సు కదల్లేదు. చూశావా, మా ఆయన ఎంత జాగ్రత్తగా ఉన్నారో అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆరు. వంతెన ఎక్కాం. ముందు ఇనప కడ్డీల లారీ ఒకటి వెళ్తోంది. కడ్డీలు వెనక్కి బారెడు పొడుచుకొచ్చి ఉన్నాయి, చివర ఎర్రగుడ్డ కట్టారు. లారీ ఆగింది. మా బస్సు ఆగలేదు. అద్దంలో చూశాను. ఆయన తల నిటారుగానే ఉంది. కళ్ళు మాత్రం లేవు, రెప్పలే ఉన్నాయి.

"ఏవండీ!"

ఆ కేక నాదేనని తర్వాత తెలిసింది. బస్సు కీచుమని ఆగింది. నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎర్రగుడ్డ మా ముందు అద్దానికి జానెడు దూరంలో ఊగుతోంది.

ఆయన వెనక్కి తిరిగారు. "నువ్వా? నువ్విక్కడేంటి?"

"దిగండి."

"పిచ్చా నీకు? బండి మధ్యలో వదిలేస్తే ఉద్యోగం ఉంటుందా? ఇంకో అరగంట. ఈ ఒక్క ట్రిప్పు."

"దిగండి."

"ఎవరి కోసం చేస్తున్నాననుకుంటున్నావ్? నువ్వేగా మూడు గడులంటే గంతులేశావ్!"

 "అవును, వేశాను" అన్నాను. "నాదే బుద్ధి తక్కువ. మీరు దిగండి."

వెనక నుంచి ఒకావిడ అరిచింది. "అమ్మాయ్, మొగుడూ పెళ్ళాల గొడవ ఇంటికెళ్ళి చూసుకోండి! నాకు ఆలస్యమవుతోంది."

పక్కనున్న ముసలాయన ఊతకర్రతో నేల మీద కొట్టారు. "ఆ అమ్మాయి అరవకపోతే నువ్వు మరీ తొందరగా పోయేదానివి తల్లీ. కూర్చో."

ఎవరో నవ్వారు. మా ఆయన నవ్వలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఆ కడ్డీల వంక చూస్తూ ఉండిపోయారు. లారీ కదిలి వెళ్ళిపోయింది, దారి ఖాళీ అయింది. వెనక వాహనాలు హారన్లు కొడుతున్నాయి. ఆయన బస్సును వంతెన దించి పక్కకి తీసి, ఇంజను ఆపి, డిపోకి మాట్లాడే వైర్‌లెస్ అందుకున్నారు.

"పన్నెండో నంబరు. నేనిక నడపలేను. వేరే డ్రైవరుని పంపండి."

కంట్రోలరు గొంతు గరగరలాడుతూ వచ్చింది. "ఏమైంది నత్తా? ఒంట్లో బాలేదా?"

'అవును' అంటే సరిపోయేది. ఒక్క మాట. నేను అనమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు.

"నత్త కాదండీ, నేను" అని తన పేరు, డ్యూటీ నంబరు చెప్పారు. "పొద్దున్నించీ నేనే. మూడు వారాలుగా నేనే."

 అవతలి నుంచి "అక్కడే ఉండు" అన్న మాట వచ్చింది.

వెనక వచ్చిన బస్సులోకి జనం ఎక్కేశారు. ఆలస్యమవుతోందన్న ఆవిడ వెళ్తూ వెళ్తూ తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది. మేమిద్దరం బస్‌స్టాపు బల్ల మీద కూర్చున్నాం.

"నత్తని కూడా ముంచేశాను" అన్నారాయన.

"ఆయనతో నేను మాట్లాడతాను."

"నెల రోజులు సస్పెన్షన్. ఇంకా ఎక్కువేమో. కిస్తీ ఎలా?"

"నా జీతం కిస్తీకి పోతుంది. తిండికి అత్తయ్య గాజులున్నాయి. ఆవిడ తిట్టే తిట్లు వినడానికి మీరున్నారు."

ఆయన పెదవి కొంచెం వంకర తిరిగింది. నవ్వు దాకా రాలేదు.

"ఇక అదనంగా ఏమీ కట్టలేం. ముందే తీరదు. కాగితంలో రాసినన్నేళ్ళూ పడుతుంది" అన్నారు.

"పట్టనివ్వండి."

ఇంకేదో అంటూనే నిద్రలోకి జారారు. తల నా భుజం మీదకి వాలింది. నలుగురూ తిరిగే రోడ్డు, పట్టపగలు. నేను కదల్లేదు.

డిపో జీపు వచ్చి ఆగింది. కంట్రోలరు ఫైలు పట్టుకుని దిగాడు. రావడమే గట్టిగా ఏదో అనబోయి, మా ఎదుటికొచ్చి ఆగాడు.

"లేపమ్మా. వాంగ్మూలం రాసివ్వాలి."

"రాసిస్తారండీ. అన్నీ రాసిస్తారు. పది నిమిషాలు పడుకోనివ్వండి."

అతను బస్సు వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, చేతి గడియారం చూసుకున్నాడు.

"పది అంటే పదే" అని జీపు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

నేను ఆయన ముఖానికి ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాను.