యాన్‌సున్ జారిపడలేదు

కథ చెబుతున్న నోటి మీదే లాఠీ పడింది. పాంగ్ ఇన్‌హో పళ్లు రెండు తెర ముందు రాలాయి. ఇద్దరు పోలీసులు ఆయన్ని జుట్టు పట్టుకుని వేదిక మీంచి ఈడ్చుకుపోయారు.

ప్యాంగ్యాంగ్ సినిమా హాల్లో అది పగటి ఆట. హాలు నిండా రబ్బరు బూట్ల ఫ్యాక్టరీ ఆడవాళ్లు. బొమ్మకు మాట లేని రోజులవి. తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడిదే సినిమా అంతా. ఏం చెప్పాలో కొరియాను ఏలే జపాన్ సర్కారు ముందే చదివి ముద్ర వేస్తుంది. గీత దాటితే పట్టుకోవడానికి వెనకాల కుర్చీలో ఇన్‌స్పెక్టరు కూర్చుంటాడు.

ఆ రోజు తెర మీద భూస్వామి ఒక కూలి ఆడమనిషిని కడుపులో తన్నాడు. ముద్ర పడ్డ కాగితంలో ఆమె కాలు జారి పడిందని ఉంది. పాంగ్ ఆ కాగితం చింపేశాడు.

"జారిపడలేదు! తన్నాడు! మొన్న మన యాన్‌సున్‌ను ఫోర్‌మన్ తన్నినట్టే తన్నాడు!"

యాన్‌సున్‌ది ఆ బూట్ల ఫ్యాక్టరీయే. అప్పటికి ఆరో నెల కడుపు. తన్ను తిన్న పూటే ప్రాణం పోయింది. పేపర్లో మాత్రం జారిపడిందని వేశారు, సిగ్గులేని వాళ్లు.

వెనక గదిలో ప్రొజెక్టరు తిప్పే తక్ మన్‌సూ గోడ కంతలోంచి ఇదంతా చూశాడు. పన్నెండేళ్లుగా ఆయన చెయ్యి తిరిగిందే గాని నోరు పెగల్లేదు. పొద్దున కూడా పాంగ్‌ను బతిమాలాడు.

"అన్నా, వాళ్లు రాసిచ్చింది చదివెయ్యి. పెళ్లాం పిల్లలున్నవాళ్లం."

"నీకేంరా, నీది తిప్పే చెయ్యి. ఆ పిల్ల ఎట్లా చచ్చిందో చెప్పాల్సిన నోరు నాది" అని పాంగ్ కసిరాడు.

ఇప్పుడు ఆ నోరు నెత్తురు కక్కుతోంది. "ఆపరా మిషను!" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు. మన్‌సూ విన్నాడు. చెయ్యి మాత్రం ఆగలేదు.

బొమ్మ నడుస్తోంది, చెప్పేవాడు లేడు. అప్పుడు ఒక్‌దాన్ బెంచీ ఎక్కింది. యాన్‌సున్ పక్క మిషను మీద పనిచేసే మనిషి.

"ఓరి ఫోర్‌మనూ! కడుపుతో ఉన్నదని తెలిసే తన్నావు గదరా!"

"ఆలస్యంగా వస్తే తన్నక ముద్దు పెట్టుకుంటానా?" అని ఇంకొకామె ఫోర్‌మన్ గొంతుతో ఎత్తుకుంది.

"అక్కా, నా బిడ్డ... నా బిడ్డ కదలడం లేదే..." మూడో గొంతు యాన్‌సున్‌ది అయింది.

హాలంతా గొల్లుమంది. పాంగ్ ఊపిరికి తగ్గట్టు తిప్పడమే ఇన్నాళ్లూ మన్‌సూ విద్య. ఇప్పుడు ఆడవాళ్ల ఏడుపుకు తగ్గట్టు చెయ్యి నెమ్మదించాడు. వాళ్ల మాట పూర్తయ్యేదాకా కూలి మనిషి తెర మీద లేవలేదు.

ఇన్‌స్పెక్టరు తలుపు తన్ని గదిలోకి వచ్చాడు. మన్‌సూ వేళ్లు చితికేలా కొట్టాడు. అయినా వదలకపోయేసరికి మిషను తిప్పే పిడిని తానే పట్టుకున్నాడు.

"ఆపకండి దొరా! దీపం ముందు ఫిలిం ఆగితే అంటుకుంటుంది!"

"నన్నే బెదిరిస్తావా, కుక్కా?"

ఆపాడు. తెర మీద భూస్వామి మొహం బొబ్బలెక్కి నల్లబడింది. భగ్గున మంట లేచింది. ఇన్‌స్పెక్టరు చెయ్యి కాలి కేకలు పెడుతూ పరుగెత్తాడు. హాలు నిండా జనం ఉన్నారు. మన్‌సూ మండుతున్న రీలును రెండు చేతులా పెరికి కిటికీలోంచి సందులోకి విసిరాడు. చేతుల తోలు దాంతోనే పోయింది.

చీకట్లో లాఠీలు ఆడాయి. తలలు పగిలాయి. ఒక్‌దాన్ మాట మధ్యలోనే తెగింది. ఇక నోళ్లు మూతపడ్డాయనుకున్నారు పోలీసులు.

"ఆ తర్వాత ఏం జరిగిందంటే..." కంతలోంచి ఒక అలవాటు లేని గొంతు వచ్చింది. మన్‌సూ. "యాన్‌సున్‌ను జబ్బ పట్టి గేటు బయట పడేశారు. డాక్టరు కోసం ఒక్కణ్ణీ పంపలేదు. అమ్మల్లారా, మీరు చూశారు గదా, చెప్పండి!"

చెప్పడం కాదు, తిరగబడ్డారు. విరిగిన బెంచీ కర్రలు పైకి లేచాయి. పోలీసు టోపీలు కాళ్ల కింద నలిగాయి. తలుపు ఊడి వీధిలో పడింది.

మన్‌సూ మాత్రం దొరికాడు. కాలిన చేతులకు బేడీలు ఎక్కకపోతే మోచేతులకు తాడు కట్టి నడిపించారు. దారి పొడుగునా ఆయన చెబుతూనే ఉన్నాడు. దెబ్బ పడి మాట ఆగిన చోట వెనకొస్తున్న ఆడవాళ్లు అందుకున్నారు. నూడిల్స్ కొట్టువాళ్లు, బండివాళ్లు పనులొదిలి వెంట నడిచారు. స్టేషను చేరేసరికి ఆ ఊరేగింపును పోలీసులే నడిపిస్తున్నట్టుంది.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ కూత కూసింది. గేటు తెరిచారు. ఒక్కతీ లోపలికి పోలేదు. తలకు కట్టుతో ఒక్‌దాన్ అందరికంటే ముందు నిలబడి ఉంది.

"రండే, పనికి రండే!" అన్నాడు గేటు కాపలావాడు.

"ముందు ఆ తన్నినవాణ్ణి బయటికి పంపు" అంది ఒక్‌దాన్.