నేనెంచుకున్న బోర్డు

“యోగీ, హేమచంద్ వస్తున్నాడు. నాలుగు పకోడీలు వేస్తావా? ఇవాళ పీసీ సంగతి తేల్చేద్దాం” అన్నాడు ఆశిష్, సోఫాలోంచి లేవకుండా. నేను అప్పటికే ఉతికిన బట్టల బుట్ట చంకనేసుకుని మెట్లెక్కుతున్నాను. ఆడమ్స్‌టౌన్‌లో మా ఇంటి పైన చిన్న బాక్స్ రూమ్ ఉంది. బట్టలు ఆరేసే స్టాండూ, నా ఆఫీసు బల్లా, కుర్చీ ఆ గదిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఈ పరాయి దేశంలో వాన వెలిసేదాకా ఆగితే బట్టలు ముక్కిపోతాయి కనుక, ఇంటినుంచి పనిచేసే రోజుల్లో మొగుడి తడి షర్టుల మధ్య కూర్చునే మీటింగులకు హాజరవుతాను. మా అత్తగారు సీతాలక్ష్మిగారు వచ్చారంటే గది ఆవిడదే, నా బల్ల హాల్లోకి దిగాల్సిందే.

తేల్చడానికి ఇంకేముందని నాకు ఒళ్ళు మండింది. ఆ కంప్యూటర్ నాకోసం. దాని సంగతి నేను ఎప్పుడో తేల్చుకున్నాను.

నాకు కంప్యూటర్‌లో లారీ నడిపే ఆట ఇష్టం. నవ్వేవాళ్ళు నవ్వండి, మా ఇంట్లో నవ్వడం ఎప్పుడో అయిపోయింది. “మా ఆవిడ లారీ డ్రైవర్” అని ఆశిష్ కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. “కూతురు ఆడుకునే వయసులో నీకు ఆటలేంటమ్మా” అని అత్తగారు వీడియో కాల్‌లో బుగ్గలు నొక్కుకున్నారు. వంటా, గిన్నెలూ, చరిత హోంవర్కూ అయ్యాక ఆ తెరమీద సరుకెక్కించుకుని బయల్దేరానంటే, కాసేపు నన్ను ఎక్కడికని ఎవరూ అడగరు. ఉప్పు డబ్బా ఎక్కడుందని అసలే అడగరు. కానీ పాత ల్యాప్‌టాప్ పెనంలా కాలిపోతుంది, ఆటలో వాన మొదలైతే చాలు రోడ్డు అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. అందుకే ఈ ఏడు బోనస్ రాగానే పార్టులు తెప్పించి గేమింగ్ పీసీ నేనే బిగించుకుందామనుకున్నాను.

చెర్రీవుడ్‌లో ఆఫీసుకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ లువాస్ ట్రామ్‌లో కూర్చుని దాని గురించి చదివాను. ముందు పార్టులన్నీ బిగించే మదర్‌బోర్డు ఖాయం కావాలి, దాన్నిబట్టే మెమరీ. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ప్రాసెసర్ అందులో కూర్చుంటుందా, మెమరీ ఏ తరానిది పడుతుంది, క్యాబినెట్ మన బల్లకింద ఇముడుతుందా, ఇంతే. బల్లకింద నా కాళ్ళకీ చోటుండాలి కాబట్టి చిన్న బోర్డు ఎంచుకున్నాను. మెమరీకి రెండే స్లాట్లు. అందులోకి డీడీఆర్ ఫైవ్ అనే కొత్త తరం మెమరీ. పెళ్ళయ్యాక ఎవరికి నచ్చుతుందో ఆలోచించకుండా నాకోసం నేను ఎంచుకున్న మొదటి వస్తువు ఆ బోర్డే. చీర కొన్నా “ఆ రంగు నీకు నప్పదు” అనేవాళ్ళు పక్కనే ఉండేవారు.

ఆశిష్‌కి చెప్పేదాకా అంతా బాగానే ఉంది. “నీకెందుకీ తలనొప్పి, నేను చూసుకుంటా. నా అకౌంట్‌లో ఆర్డర్ పెడదాం” అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఫోన్లో ఒక గ్రూపు పెట్టేశాడు. అందులో తనూ, స్నేహితుడు హేమచంద్, ఇంకా నేను ముఖమెరగని మగాళ్ళూ. నన్ను మాత్రం చేర్చలేదు. “రెండు స్లాట్లేంటి, నాలుగుండాలి” అని ఒకడు, “లైట్లు వెలగనిది బోర్డేనా” అని ఇంకొకడు. ఆ తీర్పులన్నీ భోజనాల దగ్గర నాకు చదివి వినిపించేవాడు. పోనీలే, బోర్డు నేను చెప్పిందే ఆర్డర్ పెట్టాడు కదా అని సరిపెట్టుకున్నాను. మెమరీ దగ్గరకొచ్చేసరికి, “ఇక్కడ రేట్లు మండిపోతున్నాయి. హేమచంద్ బావమరిది హైదరాబాద్ నుంచి వస్తున్నాడు, సూట్‌కేసులో చోటుందట” అన్నాడు. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. ఎవరి సూట్‌కేసులోనైనా చోటుందని చెవిన పడితే చాలు, ఏం కావాలన్నది తర్వాత, ముందు ఏదో ఒకటి తెప్పించెయ్యాలి. ఏ రకం మెమరీయో స్పష్టంగా రాసి ఆశిష్ ఫోన్‌కి పంపాను.

హేమచంద్ వచ్చాడు. గోంగూర పచ్చడి వాసనేస్తున్న కవరు నా చేతిలో పెట్టాడు.

“తీసుకో చెల్లెమ్మా. మా బావమరిది వడియాల మధ్య పెట్టి భద్రంగా తెచ్చాడు.”

శనగపిండి చేతులు కడుక్కుని ప్యాకెట్ తిప్పి చూశాను. డీడీఆర్ ఫోర్. పాత తరానిది. దాని గాడి ఒకచోట ఉంటుంది, నా బోర్డు స్లాటులో గాడి మరోచోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే విరుగుతుంది తప్ప కూర్చోదు.

“ఇది నా బోర్డుకి పట్టదండీ. నేను పంపింది ఇది కాదు” అన్నాను ఆశిష్‌తో.

“తెలుసులే. థర్టీటూ జీబీ అని మాత్రం చెప్పా వీడికి, రకం సంగతి మర్చిపోయా. మొన్న హేమచంద్ ప్యాకెట్ చూసి, నీ బోర్డుకి పట్టదని ఫోన్ చేశాడు.”

“అయితే ఇది కావలసినవాళ్ళకి ఎవరికైనా ఇచ్చేద్దాం.”

“అంత దూరం నుంచి మోసుకొచ్చారు, వద్దంటే ఏం బావుంటుంది? అందుకే బోర్డు మార్చేశాం.”

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. “ఏ బోర్డు?”

“నువ్వు చెప్పింది నిన్న క్యాన్సిల్ చేసేసి, ఈ మెమరీ పట్టే పెద్ద బోర్డు పెట్టా. హేమచంద్ సెలెక్షన్. క్యాబినెట్ పెద్దదవుతుంది, నీ గదిలో పట్టదు, ఇక్కడే టీవీ పక్కన పెడదాం. శనివారాలు మా గ్యాంగ్ ఆడుకుంటాం, ఖాళీగా ఉన్నప్పుడు నువ్వూ ఆడుకోవచ్చు. కొంచెం సర్దుకో యోగీ.”

“నాలుగు స్లాట్లు చెల్లెమ్మా, రేపెప్పుడైనా పెంచుకోవచ్చు” అన్నాడు హేమచంద్, నన్ను ఓదారుస్తున్నట్టు.

చెప్పుల కోసం కాళ్ళు కోసుకోవడమంటే ఇదే. కోసుకునే కాళ్ళు మాత్రం ఎప్పుడూ నావే. హైదరాబాద్‌లో టీమ్ లీడ్ ఉద్యోగం వదిలేసి ఇక్కడ మళ్ళీ అడుగునుంచి మొదలుపెట్టినప్పుడు, “ముందు నాకు ఇక్కడ ఉద్యోగం కుదిరింది కదా, నువ్వు సర్దుకో” అన్నాడు. బల్ల హాల్లోకి దిగిన ప్రతిసారీ “సంసారమన్నాక సర్దుకోవాలమ్మా” అన్నారు అత్తగారు. ఏదో ఒకటి నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంటుంది, దానికి తగ్గట్టు నేను మారాలి. వచ్చింది తప్పుదైనా సరే, తెచ్చినవాళ్ళు నొచ్చుకోకూడదు. నేను నొచ్చుకుంటే అది లెక్కలోకి రాదు. ఏడిస్తే కంప్యూటర్ కోసం ఏడుపేంటంటారు, అరిస్తే వచ్చిన మనిషి ముందు అరిచానంటారు. స్టవ్ కట్టేసి పైకి వెళ్ళిపోయాను.

తడి షర్టులు పక్కకి తోసి ల్యాప్‌టాప్ తెరిచాను. ఆన్‌లైన్ షాపులో నా పేరుతో అకౌంట్ పెట్టుకున్నాను. మళ్ళీ అదే చిన్న బోర్డు, దానికి సరిపడే మెమరీ. తక్కిన పార్టులు మెల్లగా తెప్పించుకోవచ్చు. చిరునామా దగ్గర చెయ్యి ఆగింది. ఇంటి చిరునామా తీసేసి చెర్రీవుడ్ ఆఫీసుది ఇచ్చాను. కోపం తగ్గలేదు, అయినా ప్రాణానికి హాయిగా ఉంది.

కిందికి దిగేసరికి చరిత క్యామోగీ అనే ఇక్కడి కర్రా బంతీ ఆట ప్రాక్టీసు నుంచి వచ్చి బురద బూట్లతో గుమ్మంలో నిలబడి ఉంది. ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. టీవీ పక్కన టేపుతో జాగా కొలుస్తున్న తండ్రినీ, సలహాలిస్తున్న హేమచంద్‌నీ చూసి నావైపు తిరిగింది.

“సో ఇట్స్ డాడ్స్ పీసీ దెన్, ఈజ్ ఇట్?”

“మనందరిదీ రా” అన్నాడు ఆశిష్.

“కాదు, మీ నాన్నదే” అన్నాను. “నా బోర్డూ మెమరీ మంగళవారం మా ఆఫీసుకి వస్తున్నాయి.”

ఆశిష్ టేపు వదిలేసి నిలబడ్డాడు. “ఏంటి, మళ్ళీ ఆర్డర్ పెట్టావా? అయినా ఆఫీసుకెందుకు? ఇంటికే తెప్పించుకోవచ్చుగా!”

“ఇంటికొస్తే అవీ మీవైపోతాయి.”